మాస్టారి జనాజా తరువాత

ఖబరస్తానులో మూడు దోసిళ్ళ మట్టి వేసి వెనుదిరిగేసరికి ఇషా దాటి చాలాసేపయింది. గేటు వద్ద ముప్ఫై మంది పిల్లలు ఫుట్‌బాల్ దుస్తులలోనే నిలబడి ఉన్నారు. తెల్లవారుజామున మైదానానికి వచ్చి, ఉస్తాద్ కోసం ఎదురుచూసి, కబురు తెలిసిన తరువాత ఇళ్ళకు పోకుండా పగలంతా మార్చురీ బయట, ఆపై ఆ ఇంటి ముందు కూర్చున్న పిల్లలు వారు. ఫజర్ నమాజు చేసుకుని స్కూటరు మీద మైదానానికి బయలుదేరిన మాస్టారిని వెనుక నుంచి వచ్చిన లారీ బలిగొన్నది. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల మాస్టారు. ఉదయం బంతి ఆట నేర్పేవారు, సాయంత్రం పదో తరగతి తప్పిన పిల్లలకు పాఠాలు చెప్పేవారు. రెండింటికీ రుసుము లేదు. ఇద్దత్‌లో ఉన్న ఆ ఇల్లాలి గోప్యతను గౌరవించి ఆయన పేరు రాయడం లేదు. పేరు లేకపోయినా సికింద్రాబాద్ బస్తీలలో ఇటువంటి మాస్టారిని ఎరుగని వారుండరు.

బడిపంతులే శిక్షకుడు కావడం మన జంటనగరాల సంప్రదాయం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ ముందు ఉపాధ్యాయుడు, ఆ తరువాతే కోచ్. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం సాధించిన జట్లు ఆయన తీర్చిదిద్దినవే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మన అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఆయన చేతిలో ఎదిగినవాడే. పి.వి. సింధు తొలి పాఠాలు నేర్చుకున్నది కూడా సికింద్రాబాద్ రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ సంస్థ కోర్టులలో, మహబూబ్ అలీ గారి వద్ద. పేరుకెక్కిన అటువంటి ఒక్కొక్కరి వెనుక పేరుకెక్కని మాస్టార్లు ఎందరో ఉన్నారు. వారు పోయినపుడు మనం ఏం చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

సంతాప సభ జరుపుతున్నాం. ఖుర్ఆన్ పారాయణం చేయిస్తున్నాం. నాలుగు రోజులు ఆ ఇంటికి భోజనాలు పంపుతున్నాం. ఇవన్నీ చేయవలసినవే. ఆ తరువాత మాత్రం ‘తఖ్దీర్’ అనుకుని ఎవరి పనులలో వారు పడిపోతున్నాం. చావు ఘడియ అల్లాహ్ చేతిలోనిదే, సందేహం లేదు. అయితే ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నది కూడా మనకు చిన్ననాటి నుంచి తెలిసిన బోధే. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు. ఇన్ని చావులకు రోడ్డు, వేగం, నిర్లక్ష్యం కారణాలైనపుడు, వెనుక మిగిలిన కుటుంబానికి చట్టం ఒక హక్కును ఇచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు మోసినవాడిగా చెబుతున్నాను: ఆ హక్కును మనవాళ్ళు ఎక్కువగా కోల్పోయేది కోర్టులో కాదు, కోర్టు గడప తొక్కకముందే.

మొదటి నష్టం మార్చురీ వద్ద జరుగుతుంది. మయ్యత్‌ను త్వరగా ఖననం చేయాలన్న ఆరాటంతో పోస్టుమార్టం వద్దని పోలీసులను బతిమాలుతాం. ఆ ఆరాటం నాకు తెలుసు, మా ఇంటిలోనూ ఒకసారి అనుభవించాను. కాని ప్రమాదం వల్లనే మరణం సంభవించిందని చెప్పే ప్రధాన సాక్ష్యం ఆ నివేదికే. వసతులున్న ఆసుపత్రులలో సూర్యాస్తమయం తరువాత కూడా పోస్టుమార్టం జరపవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులోనే అనుమతించింది. పోస్టుమార్టం మాన్పించడానికి పలుకుబడి వాడే పెద్దలు, అది త్వరగా జరగడానికి ఆ పలుకుబడిని వాడాలి.

రెండవది గడువు. సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. భర్త పోయిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ‘ఆమె ఇద్దత్ ముగియనివ్వండి, కాగితాల సంగతి తరువాత చూద్దాం’ అని పెద్దలు మంచి మనసుతోనే అంటారు. ఆ మాట వింటే చేతిలో మిగిలేది రెండు నెలలకన్నా తక్కువ. నిజానికి ఆమె గడప దాటనవసరం లేదు. వకాలత్‌నామాపై ఇంటిలోనే సంతకం చేయవచ్చు. వారసులలో ఎవరైనా, వారు అధికారమిచ్చిన ప్రతినిధి అయినా దరఖాస్తు వేయవచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా, కుటుంబం నివసించే చోటి ట్రిబ్యునల్‌నే ఆశ్రయించవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

మూడవది ఆదాయ రుజువు. ఒక ఉదాహరణ చెబుతాను. నలభై రెండేళ్ళ ఉపాధ్యాయుని జీతం నెలకు 18,000 రూపాయలు, ఆయనపై ఆధారపడినవారు భార్య, ఇద్దరు కుమార్తెలు అనుకుందాం. సుప్రీంకోర్టు స్థిరపరచిన లెక్క ప్రకారం భవిష్యత్ పెరుగుదల కింద నాలుగో వంతు కలిపి, సొంత ఖర్చు కింద మూడో వంతు తీసివేసి, ఏడాది మొత్తాన్ని 14తో గుణిస్తే 25,20,000 రూపాయలవుతుంది. అదే జీతం చేతికి నగదుగా ఇచ్చి, రసీదు లేక, 9,000 మాత్రమే రుజువైతే సగం పోయినట్టే. ఆ సగం ఇద్దరు ఆడపిల్లల చదువు. కనుక మనవాళ్ళు నడిపే పాఠశాలల యాజమాన్యాలకు నా విన్నపం: మీ ఉపాధ్యాయులకు నియామక పత్రం ఇవ్వండి, జీతం బ్యాంకు ద్వారా చెల్లించండి. జీతం ఎంత తక్కువైనా దానికొక కాగితం ఉండాలి.

‘అది రక్తపు సొమ్ము, మాకు వద్దు’ అనే కుటుంబాలనూ చూశాను. వారి అభిమానానికి గౌరవం ఇస్తూనే ఒక మాట గుర్తు చేస్తాను. పొరపాటున జరిగిన ప్రాణనష్టానికి మృతుని వారసులకు దియత్ చెల్లించాలని నిర్ణయించినది మన షరీఅతే. హక్కుగా వచ్చేది భిక్ష కాదు. వారసులు మనస్ఫూర్తిగా క్షమించదలిస్తే అది వేరే సంగతి. తెలియక పోగొట్టుకోవడం క్షమ అనిపించుకోదు.

ప్రతి మసీదు కమిటీ ఇద్దరిని ఈ పనికి నియమించాలని కోరుతున్నాను. ఒకరు మార్చురీకి, పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక, వాహన బీమా వివరాలు, వారసుల ధ్రువపత్రం సేకరించాలి. మరొకరు మొదటి నెలలోనే ఆ కుటుంబాన్ని వకీలుతో కలపాలి. విశ్రాంత ఉద్యోగులు బస్తీకి నలుగురైదుగురు ఉన్నాం. జీవితమంతా ఇతరుల ఫైళ్ళు నడిపాం, ఇప్పుడు మనవాళ్ళవి నడుపుదాం.

మరొక పని కూడా మిగిలి ఉంది. ఆయన నేర్పిన విద్య పిల్లలకు ఉపయోగపడినంత కాలం అది ఆయనకు సదఖా జారియా. మూడవ నాటి ఉదయం నేను మైదానం వైపు వెళ్ళాను. ఆయన వద్ద నేర్చుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు బంతుల సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పదకొండు మంది పిల్లలు వచ్చారు. మిగిలినవారిని ఇళ్ళకు వెళ్ళి పిలుచుకురావలసిన బాధ్యత మనది. ఆ ఇంటి కాగితాలు మాత్రం ఈ వారమే సిద్ధం కావాలి. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మనకు పనిచేసే బుద్ధిని ఇచ్చుగాక. ఆమీన్.