నల్లగుడ్డుకు పండగ డిస్కౌంటా?

ఆషాఢం తగ్గింపులు చీరలకు పెట్టుకోండి, కంటి ఆపరేషన్‌కు కాదు. కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లేసిక్‌ను అమ్ముతున్న తీరు చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. "పది నిమిషాల పని, నొప్పి ఉండదు, ఎల్లుండి ఆఫీసుకు వెళ్లిపోవచ్చు." ఇంతేనా చెప్పాల్సింది?

ఆ పది నిమిషాల్లో జరిగేది ఇదీ. నల్లగుడ్డు మీది పారదర్శకమైన కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరు, అంటే దాదాపు 520 మైక్రాన్లు. పైన 110 మైక్రాన్ల పొరను కోసి మూతలా ఎత్తుతారు. మైనస్ 6 సైటు ఉంటే లేజరు ఇంకో 80, 90 మైక్రాన్లు తినేస్తుంది. మూత తిరిగి వేసినా దాని బలం కంటికి పెద్దగా అక్కరకు రాదు, భారమంతా అడుగున మిగిలినదాని మీదే. ముందే బలహీనంగా ఉన్న కార్నియా అయితే ముందుకు ఉబకొచ్చు. దీన్నే ఎక్టేసియా అంటారు. కంటి డాక్టరు థియో జైలర్ బృందం 1998లోనే దీని గురించి రాసింది.

కోతలో నరాలూ తెగుతాయి. కన్నీరు ఊరాలని కబురు పంపేవి అవే. కొందరికి రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి, కళ్లు మాత్రం నెలల తరబడి మండుతూనే ఉంటాయి. వాళ్లతో "అంతా మీ భ్రమ" అనడం కంటే క్రూరత్వం లేదు.

చాలామంది సంతోషంగానే ఉన్నారు, నిజమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాలుపంచుకున్న, లేసిక్ చేయించుకున్నవాళ్ల మీద జరిగిన ప్రౌల్ అధ్యయనాల్లో 95 శాతానికి పైగా తృప్తిగా ఉన్నామన్నారు. కానీ 2017లో అచ్చయిన అవే ఫలితాల్లో, ఆపరేషన్‌కు ముందు ఇలాంటి ఇబ్బందేమీ లేనివాళ్లలో 40 శాతానికి పైగా మూడో నెలకల్లా లైట్ల చుట్టూ వలయాలో, చారలో, రెండేసి బొమ్మలో కనిపిస్తున్నాయన్నారు. ఈ రెండో అంకె హోర్డింగ్ మీద ఎందుకుండదు? రాత్రిపూట హైవే మీద లారీ నడిపేవాడికి కావాల్సింది ఆ అంకే కదా!

ఇక పెళ్లిచూపుల గోల. అబ్బాయి కళ్లజోడు చదువుకు గుర్తట, అమ్మాయిది మాత్రం లోపమట! పవర్ ఇంకా నిలకడగా లేని ఇరవై ఏళ్ల పిల్లను సంబంధం కోసం లేజరు కిందికి తోస్తున్న తల్లిదండ్రులారా, ఆ కళ్లతో బతకాల్సింది మీరు కాదు.

సంతకం పెట్టించే కాగితం తెలుగులో ఉండాలి. ముందురోజే ఇంటికి ఇచ్చి పంపాలి. కార్నియా మ్యాప్, కోత తర్వాత ఎన్ని మైక్రాన్లు మిగులుతాయో ఆ లెక్క రోగి చేతికివ్వాలి. ఇవ్వం అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.