ముక్క దొరకగానే పేరా?

అంతరించిన మొసలి బంధువుల శిలాజాల్లో ఎక్కువగా దొరికేవి పళ్లు, వెన్నుపూసలు, వీపు మీది ఎముక పలకలు, విరిగిన మూతి ముక్కలు. నిండు కపాలం అరుదు, పూర్తి అస్థిపంజరం మరీ అరుదు. దొరికిన ముక్క తెలిసిన జంతువుల కంటే కాస్త తేడాగా కనిపిస్తే చాలు, కొత్త పేరు పెట్టాల్సిందేనన్న అభిప్రాయం పురాజీవ శాస్త్రంలో బలంగా పాతుకుపోయింది. పేరు లేని ఎముకను ఎవరూ పట్టించుకోరనీ, పొరపాటు జరిగితే తర్వాతివారు సరిదిద్దుతారనీ సమర్థించేవారు అంటారు. అలా సరిదిద్దడానికి ఎంతకాలం పడుతుందో తెలంగాణ శిలాజమే చెబుతుంది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత-గోదావరి లోయలో, మాలేరి ఊరి పేరుతో పిలిచే ట్రయాసిక్ కాలపు రాతిపొరలున్నాయి. నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్దంలో ఆ ప్రాంతపు ఎముకలను సేకరించాడు. 1870లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అక్కడి జంతువుకు ‘పారాసూకస్’ అన్న పేరు వాడాడు, వర్ణన మాత్రం ఇవ్వలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత దీనికి అచ్చంగా సరిపోతుంది. 1885లో రిచర్డ్ లైడెక్కర్ వర్ణన రాసి, హిస్లాప్ పేరు కలిపి ‘పారాసూకస్ హిస్లోపీ’ అన్నాడు. అయితే అతని ముందున్న ఎముకలు ఒకే రకం జంతువువి కావు. మొసలిలా కనిపించే ఫైటోసార్ ఎముకల్లో రింకోసార్ అనే వేరే సరీసృపం కపాలపు అడుగుభాగం కలిసిపోయి ఉంది.

1978లో శంకర్ ఛటర్జీ మాలేరి పొరల్లో దొరికిన పూర్తి అస్థిపంజరాలను వర్ణించాడు. వాటి పొట్ట భాగంలో ‘మాలేరిసారస్’ అనే చిన్న సరీసృపం ఎముకలు కూడా ఉన్నాయి. ఇంత స్పష్టంగా తెలిసిన జంతువు పేరు మాత్రం లైడెక్కర్ వర్ణించిన ఎముకల్లోని పాత మూతి ముక్క మీదే ఆధారపడి ఉంది. ఆ ముక్కతో జాతిని గుర్తించలేమని 1991లో పరిశోధకులు హంట్, లూకాస్ పేరునే తోసిపుచ్చారు. చివరికి అంతర్జాతీయ జంతునామ సంఘం 2003లో పూర్తి అస్థిపంజరాన్ని కొత్త ప్రామాణిక నమూనాగా ప్రకటించింది. హక్స్‌లీ పేరు పెట్టిన నాటి నుంచి 133 ఏళ్లు.

తప్పు ఏ ఒక్కరిదో అనుకోవడం అన్యాయం. మూతి ముక్క స్వభావమే అది. చేపలు పట్టే పొడవాటి సన్నని మూతి ఫైటోసార్లలో, జురాసిక్ కాలపు టెలియోసార్లలో, నేటి ఘరియల్‌లో విడివిడిగా రూపొందింది. ఫైటోసార్లను వేరుచేసే ముఖ్య లక్షణాల్లో ఒకటి ముక్కు రంధ్రాల స్థానం. పారాసూకస్‌లో అవి కళ్ల ముందరి కపాల రంధ్రం కంటే ముందుకు ఉంటాయి. తర్వాతి రకాల్లో వెనక్కి జరిగాయి. విరిగిన మూతి కొసలో ఆ భాగమే ఉండదు. తేడా చెప్పగల చోటు లేని ముక్కకు కొత్త పేరు పెట్టడం ఊహను నిర్ధారణగా అచ్చువేయడమే. 1828లో యేగర్ పంటి గుంటల్లో గట్టిపడిన బురదను శాకాహారి పళ్లనుకుని ‘ఫైటోసారస్’ అన్నాడు. మాంసం తిన్న ఈ జంతువుల గుంపంతా నేటికీ ‘మొక్కల బల్లి’ అనే అర్థంతోనే చలామణి అవుతోంది.

నష్టం పేర్ల పట్టికతో ఆగదు. ‘పాలియోరైనస్’ అనే ఫైటోసార్ దొరికిన రాళ్లన్నీ దాదాపు ఒకే కాలానివని 1991లో హంట్, లూకాస్ ప్రతిపాదించారు. 2016 పునఃపరిశీలన ఆ ప్రజాతిని పారాసూకస్‌లో కలిపింది. ప్రజాతి హద్దులు మారినప్పుడల్లా దాని మీద కట్టిన రాళ్ల వయసు లెక్క కూడా మళ్లీ చూసుకోవాల్సిందే.

పేరు లేకపోతే ఎముక మరుగున పడుతుందన్న భయానికి ఆధారం లేదు. నమూనా సంఖ్య, దొరికిన చోటు, రాతిపొర, ‘ఫైటోసార్, ప్రజాతి తేలలేదు’ అన్న ఒక్క మాట ఉంటే పరిశోధకుడికి అది అందుబాటులోనే ఉంటుంది. మరే జంతువులోనూ లేని లక్షణం కనిపిస్తే చిన్న ముక్కకైనా పేరు పెట్టవచ్చు. ఆ రుజువు చూపనంత వరకు పత్రికలు కొత్త పేరును అచ్చు వేయకూడదు. పారాసూకస్ హిస్లోపీ పేరు ఈరోజు నిలబడింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో ఉన్న అస్థిపంజరం మీద.