నగర్‌నార్ ఉక్కునకు కర్బనపు లెక్క కావలయును

బస్తరు ప్రజలకును, బైలడిల్లా గనుల కార్మిక సోదరులకును, హైదరాబాదు నుండి ఆ గనుల నేలు సంస్థాధికారులకును మనవి.

1968లో తవ్వకము మొదలైనది లగాయతు బైలడిల్లా ఇనుప ఖనిజము కిరండూలు–కొత్తవలస రైలుమార్గమున విశాఖపట్నము చేరి, అందు అధికభాగము జపానునకు ఓడలెక్కినంతకాలము, దానిని కరగించు కొలుముల పొగ మన కంటబడలేదు. 2023 అక్టోబరు 3న జగదల్‌పూరు చేరువనున్న నగర్‌నార్‌లో, ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యముగల ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. బస్తరు మట్టి బస్తరులోనే ఉక్కగుట సంతోషమే. కాని ఆ పొగకు ఉత్తరవాదులమును ఇక మనమే.

కొలిమిలో కోకు వేడిమి కొరకే మండదు. ఖనిజమునందలి ఆమ్లజనిని హరించి, తుదకు బొగ్గుపులుసు వాయువై ఆకసమున కలియును. కావున ఇనుము పాలు హెచ్చుగానున్న బైలడిల్లా ఖనిజమును చక్కగా శుద్ధిచేసి వాడినచో, చిట్టెమును తగ్గును, కోకును తగ్గును. ఇక కోకు బట్టీల నుండి సుమారు వేయి డిగ్రీల వేడితో ఎఱ్ఱగా వెలువడు కోకుపై నీరు గుమ్మరించినచో ఆ వేడిమి తెల్లని ఆవిరియై వ్యర్థమగును. మూసిన గదిలో నత్రజనితో చల్లార్చినచో అదియే విద్యుత్తగును. ఇట్టి ఏర్పాటులున్నచోట ఎడతెగక నడుపవలయును, లేనిచోట నెలకొల్పవలయును.

2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వశాఖ, టన్ను ఉక్కునకు 2.2 టన్నులకు లోబడి కర్బన వాయువు వెలువడినప్పుడే అది హరితమనియు, 1.6 టన్నులకు లోబడినచో పంచనక్షత్ర యోగ్యమనియు నిర్ణయించినది. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుండి దిగుమతి ఉక్కుపై కర్బన సుంకమును అమలుపరచుచున్నది. ఇక ధర్మమును లాభమును ఒకే త్రోవ పట్టినవి.

కావున మా కోరిక లివి. టన్ను ఉక్కునకెంత కర్బన వాయువు వెలువడినదో కర్మాగార యాజమాన్యము ఏటేట హిందీ, గోండీ, హల్బీ, తెలుగు భాషలలో ప్రకటింపవలయును. ఆ లెక్కను యాజమాన్యముతో సంబంధములేని పరిశోధకులు సరిచూడవలయును. గనులలోని యంత్రములను క్రమముగా డీజిలు నుండి సౌరవిద్యుత్తునకు మార్చవలయును. పంచనక్షత్ర స్థాయిని చేరు గడువును బహిరంగముగా చెప్పవలయును.

కార్మిక సంఘములారా, వర్తకులారా, గ్రామసభల పెద్దలారా! ఈ నాలుగు కోరికలను తీర్మానములుగా గావించి యాజమాన్యమునకు పంపుడు. సమాధానము వచ్చువరకు అడుగుట మానకుడు.