తెరపై గూఢచారి, ఇంటిలో గూఢచర్యం

నాచారంలో నందమూరి తారక రామారావు 1970ల దశకంలో నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో ఉప్పల్ పరిసరాల పెద్దలందరికీ తెలిసినదే. ఆయన మనుమడు జూనియర్ ఎన్టీఆర్, హృతిక్ రోషన్‌తో కలిసి నటించిన ‘వార్ 2’ 2025 ఆగస్టు 14న విడుదలయింది. 2012లో ‘ఏక్ థా టైగర్’తో ఆరంభమైన యశ్‌రాజ్ సంస్థవారి గూఢచారి చిత్రాల వరుసలో ఇది ఆరవది. తెలుగులోనూ రావడంతో మన ఇండ్లలోని పిల్లలు కూడా దానిని గురించి మాట్లాడుకున్నారు.

ఈ చిత్రాలలో కథానాయకుడు ఆజ్ఞలను లెక్కచేయడు, ఒంటరిగా వందలమందిని నేలకూలుస్తాడు. నిజమైన గూఢచారికి కావలసినది బలప్రదర్శన కాదు, నిగ్రహం. హిజ్రీ 5వ సంవత్సరం కందక యుద్ధంలో, చలిగాలి వీచే రాత్రి దైవప్రవక్త (స) హజ్రత్ హుజైఫా (రజి)ను శత్రు శిబిరపు సమాచారం తెమ్మని పంపారు, వారిని రెచ్చగొట్టవద్దని ఆదేశించారు. శత్రు నాయకుడు అబూ సుఫ్యాన్ బాణానికి అందేంత దగ్గరలో కనిపించాడు. హుజైఫా (రజి) విల్లు ఎక్కుపెట్టి కూడా, ఆ ఆదేశం గుర్తుకు వచ్చి ఆగిపోయారు. సమాచారంతో తిరిగి వచ్చారు. అంతే ఆయన సాహసం!

యుద్ధవేళ సమాజ రక్షణకు అనుమతించబడిన ఆ పని ఇరుగుపొరుగుల మధ్య, కుటుంబసభ్యుల మధ్య నిషిద్ధం. అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాన్ని, గూఢచర్యాన్ని, పరోక్షనిందను ఒకేచోట వారించింది. ఆ క్రమాన్ని గమనించండి. మొదట మనసులో అనుమానం పుడుతుంది. అది కూపీ లాగడానికి పురిగొల్పుతుంది. దొరికిన సంగతి చివరకు నలుగురి నోళ్ళలో నానుతుంది.

నేడు ఈ మూడింటికీ ఒక్క సెల్‌ఫోను చాలు. కోడలు నిద్రించిన వేళ ఆమె ఫోను తెరిచి చూడడం, భర్త సందేశాలను రహస్యంగా చదవడం, స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న మాటను ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ బృందంలో పెట్టడం – వీటిని మనం గూఢచర్యమని అనుకోము. కానీ ఒకసారి చెదిరిన నమ్మకం క్షమాపణలతో తేలికగా అతకదు.

చిన్నపిల్లల ఫోనుపై తల్లిదండ్రుల పర్యవేక్షణ వేరు. అది బాధ్యత. అయితే దానిని దొంగచాటుగా చేయనవసరం లేదు. ‘నీ ఫోను నేను చూస్తాను’ అని ముందే చెప్పి, ఏయే హద్దులు ఎందుకు పెట్టామో వివరించండి. సందేహం కలిగితే ఫోనును కాదు, ముందుగా బిడ్డనే అడగండి. నిజం చెప్పినందుకు శిక్ష పడదని నమ్మిన బిడ్డ ఇంట్లో గూఢచారి అవసరం ఉండదు.