గడప దగ్గరే వద్దనండి



సైబర్ మోసాలపై మీ పత్రిక వేసిన వ్యాసం ‘తెలియనివారి అటాచ్‌మెంట్లు తెరవకండి’ అన్న సలహాతో ముగిసింది. ఏళ్ల తరబడి ఆఫీసు గోడలకు అంటించి ఉన్న మాటే ఇది. అకౌంట్స్ సెక్షన్ గుమాస్తాకు ముక్కూమొహం తెలియనివాళ్ల బిల్లులు తెరవడమే కదా ఉద్యోగం! తెరవకపోతే మెమో, తెరిస్తే తప్పు.

పైగా తెలిసినవాళ్ల నుంచీ వస్తాయి. 2000 మేలో ‘ఐ లవ్ యూ’ వైరస్ అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకుంది. ఫైలు పేరు చివర ‘టీఎక్స్‌టీ.వీబీఎస్’ అని ఉండేది. విండోస్ ఆ చివరి ముక్కను దాచేయడంతో మామూలు ఉత్తరంలా కనిపించింది. తెరిచినవాళ్లను ఏమని తిడతాం?

ఇలాంటి అటాచ్‌మెంట్లను ఆపే పని మెయిల్ సర్వర్ చేయాలి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి అటాచ్‌మెంట్ల పేర్లు చూసే ‘మైమ్ హెడర్ చెక్స్’లో ఒక్క వరస చాలు: ఫైలు పేరు ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, జేఎస్‌లతో ముగిస్తే రిజెక్ట్. జీమెయిల్ 2017 నుంచి జేఎస్ ఫైళ్లనూ రానివ్వడం లేదు. ఆ కోపంతో జీమెయిల్ మానేసినవాళ్లెవరూ నాకు తగల్లేదు.

అయితే వద్దనడానికీ ఒక పద్ధతుంది. కొందరు మెయిల్ తీసుకుని గుట్టుగా చెత్తలో పడేస్తారు. పంపినవాడు చేరిందనుకుంటాడు, ఇవతలివాడు రాలేదంటాడు, మధ్యలో టెండరు గడువు దాటిపోతుంది. ఇంకొందరు తీసుకున్నాక తీరిగ్గా తిప్పి పంపుతారు. వైరస్ మెయిళ్లలో ‘ఫ్రమ్’ అడ్రసు దొంగది. ఆ తిరుగుటపా పోయి ఏ పాపమూ ఎరుగనివాడి మీద పడుతుంది. అలా పంపుతూ పోతే మన సర్వరే బ్లాక్‌లిస్టుకెక్కుతుంది.

వద్దనడానికి సరైన చోటు గడప. అవతలి సర్వర్ మెయిల్ మొత్తం చెప్పి చివర ఒక చుక్క పెట్టి జవాబు కోసం ఆగుతుంది. మనం 250 అని జవాబిస్తే బాధ్యత మనది. 550 అంటే తీసుకోలేదని అర్థం, పంపినవాడికి చెప్పుకోవడం అవతలి సర్వర్ పని. అవతల ఉన్నది వైరస్ పట్టిన కంప్యూటరైతే వ్యవహారం అక్కడికక్కడే సరి.

హెడర్ చెక్‌కు జిప్ లోపల ఏముందో కనిపించదన్నది నిజమే. దానికి స్పామ్‌ను పట్టే ఆర్‌స్పామ్‌డీనో వైరస్‌ను పట్టే క్లామ్‌ఏవీనో మిల్టర్‌గా, అంటే సర్వర్‌కు అనుబంధ ఫిల్టర్‌గా తగిలించాలి, అదీ ఆ చుక్కకు జవాబిచ్చేలోపే చూసేలా. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ను అవీ విప్పలేవు. వాటినీ వద్దనాలంటాను నేను. ‘మా ఆడిటర్ అలాగే పంపుతాడయ్యా’ అని పైవాళ్లు గొడవ పడతారనుకోండి. అన్నట్టు, పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో రాసి పంపేవాళ్లకు అసలు పాస్‌వర్డ్ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

550 పక్కన రాసే వాక్యం మాత్రం మన చేతిలోదే. చాలామంది ‘పాలసీ’ అన్న ఒక్క మాట పడేసి ఊరుకుంటారు. ఏ రకం ఫైలు వద్దన్నామో, బదులు పీడీఎఫ్ పంపాలో లింకు పంపాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాయండి. ఆడిటర్‌గారు పైవాళ్లకు కాకుండా నేరుగా ఆ నంబరుకే చేస్తారు.

ఇట్లు,
ఒక మెయిల్ సర్వర్ నిర్వాహకుడు,
విజయవాడ