ఈగలకు ఆదివారం లేదు

పిల్లలూ! శాస్త్రజ్ఞుడి బొమ్మ గీయమంటే మీలో చాలామంది ఒకే బొమ్మ గీస్తారు. చెదిరిన జుట్టు, తెల్లకోటు, లావుపాటి కళ్ళజోడు, చేతిలో పొగలు కక్కే గాజుకుప్పె. ఆయన అందులో ఏదో కలుపుతాడు. అది బుస్సున పొంగుతుంది. "కనిపెట్టేశాను!" అని ఆయన గంతులు వేస్తాడు. సినిమాల్లోనూ ఇంతే కదూ?

ఈ బొమ్మ ఎంతవరకు నిజమో తెలియాలంటే మా అంబర్‌పేట్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం మీదుగా తార్నాక దాకా ఒకసారి రండి. దారి పొడుగునా చదువులే, పరిశోధనశాలలే. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం దాటగానే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. ఇది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ చేరువలోనే 1944లో మొదలైన రసాయన పరిశోధనశాల ఉంది. దాని ఇప్పటి పేరు ఐఐసీటీ. హబ్సిగూడ వైపు వెళితే 1977లో పుట్టిన సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కనిపిస్తుంది.

వీటన్నిటిలో పరిశోధన విద్యార్థులుంటారు. ఎమ్మెస్సీ అయ్యాక పిహెచ్‌డి పట్టా కోసం ఐదారేళ్ళు ఒకే ప్రశ్న వెంట పడేవాళ్ళన్నమాట. నా దగ్గర పదోతరగతి చదివిన ఒకమ్మాయి ఇప్పుడు జీవశాస్త్రంలో అదే పని చేస్తోంది. అప్పుడప్పుడు ఇంటికి వచ్చి కబుర్లు చెబుతుంది. ఆ కబుర్లు విన్నకొద్దీ మీకు ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ముందు కబుర్లు వినండి, తర్వాత ఆ మాట చెబుతాను.

ఆమె పండ్ల ఈగల మీద పరిశోధన చేస్తోంది. ఇంట్లో అరటిపండ్లు బాగా మగ్గినప్పుడు వాటి చుట్టూ ముసిరే, నువ్వుగింజంత ఉండే ఎర్రకళ్ళ ఈగల్ని మీరు చూసే ఉంటారు. అవే. మనం చేత్తో విసిరికొట్టే ఆ ఈగలకు అక్కడ రాజభోగం! మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, కాస్త అగర్ వేసి జావలా కాచి సీసాల్లో పోస్తారు. చల్లారితే అది గట్టిపడుతుంది. సముద్రపు నాచు నుంచి తీసే ఈ అగర్‌ను ప్రయోగశాలకు పరిచయం చేసింది కూడా వంటిల్లే. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే ఆమె, తాను వంటలో వాడే అగర్ మీద సూక్ష్మజీవుల్ని పెంచి చూడమని భర్తకు సూచించింది. ఆయన సూక్ష్మజీవుల మీద పనిచేస్తూ, ఎండకు కరిగిపోయే జెలటిన్‌తో తంటాలు పడుతున్నాడు మరి.

ఇక ఆటోక్లేవ్ అనే యంత్రం ఉంది. పేరు విని భయపడకండి. అది మీ అమ్మ పప్పు వండే ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న. ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కించి పావుగంటో, ఇరవై నిమిషాలో ఉంచితే పాత్రల్లోని సూక్ష్మజీవులన్నీ చస్తాయి. గాజుసామాను కడగడం, ఆరబెట్టడం, కుక్కర్లో పెట్టడం, తీయడం, చీటీలు అంటించడం - పరిశోధన విద్యార్థి రోజులో పెద్ద భాగం ఈ పనులకే సరిపోతుంది. "సార్, మా అమ్మ ఇంట్లో ఏం చేస్తుందో నేనూ ల్యాబులో అదే చేస్తున్నా" అని నవ్వుతుంది ఆ అమ్మాయి.

మరి సెలవులో? పండ్ల ఈగ గుడ్డు నుంచి ఈగగా మారడానికి 25 డిగ్రీల వేడిలో సుమారు 10 రోజులు పడుతుంది. ఏ ఈగ ఏ ఈగతో జతకట్టిందో కచ్చితంగా తెలియకపోతే ప్రయోగం దండగ. అందుకని కొత్తగా వెలువడిన ఆడ ఈగల్ని సుమారు 8 గంటలలోపే వేరు చేయాలి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి సీసాలు చూడాల్సిందే. సంక్రాంతి కానివ్వండి, బోనాలు కానివ్వండి, మేనత్త కూతురి పెళ్ళి కానివ్వండి. ఈగలకు ఆదివారం లేదు!

ఆ పెళ్ళికి ఆమె ఆలస్యంగా వెళ్ళిందట. అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది: "ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా? అసలు ఆడ ఏం చేస్తవు?"

"ఈగల్ని పెంచుతున్న అమ్మమ్మా."

"ఈగలా! మనింట్ల తక్కువున్నయా? గింతదానికి తార్నాక దాక పోవాల్నా?"

అమ్మమ్మ ప్రశ్న సబబైనదే. జవాబు కూడా ఉంది. మనుషుల్లో జబ్బులకు కారణమయ్యే జన్యువుల్లో నాలుగింట మూడు వంతులకు సాటివచ్చే జన్యువులు ఈ ఈగలో ఉన్నాయి. మనకు రాత్రి నిద్ర, పగలు మెలకువ తెచ్చే శరీరంలోని గడియారం ఎలా నడుస్తుందో ఈ ఈగల్లోనే కనిపెట్టి, ముగ్గురు శాస్త్రజ్ఞులు 2017లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఈగలే నయం అనిపించే పనులు కూడా ఉంటాయి. 2020లో కరోనా రోజుల్లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు కలిసి హైదరాబాదు మురుగునీటిలో ఆ వైరస్ ఆనవాళ్ళు వెదికారు. వైరస్ సోకినవారి మలంలో దాని ఆర్ఎన్ఏ ముక్కలు బయటకు వస్తాయి కనుక, మురుగునీటిని పరీక్షిస్తే ఎంతమందికి సోకిందో అంచనా కట్టవచ్చు. లక్షలమంది ముక్కుల్లో పుల్లలు పెట్టకుండానే నగరం సంగతి తెలుసుకునే ఉపాయం! మా అంబర్‌పేట్‌లో మూసీ పక్కన పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. గాలి ఇటు వీచినప్పుడు మేము ముక్కు మూసుకుంటాం. అలాంటి నీటిని సీసాలో పట్టుకుని, మంచుపెట్టెలో పెట్టుకుని జాగ్రత్తగా మోసుకెళ్ళే మనుషులు కూడా ఉంటారన్నమాట!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంత కడిగి, ఇంత కాచి, ఆదివారాలు పోగొట్టుకుని చేసిన ప్రయోగాలు నెగ్గుతాయా? చాలాసార్లు నెగ్గవు. డీఎన్ఏ ముక్కను కోట్ల రెట్లు పెంచే పీసీఆర్ అనే పద్ధతి ఉంది. ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 సార్లు రెట్టిస్తే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. కావాలంటే లెక్క వేసి చూడండి. ఈ పరీక్షలో ప్రతిసారీ ఒక గొట్టంలో డీఎన్ఏ బదులు వట్టి నీళ్ళు పోస్తారు. అందులో ఏమీ రాకూడదు. ఒకరోజు ఆ నీళ్ళ గొట్టంలో కూడా డీఎన్ఏ కనిపించింది! ఎక్కడో తుంపర పడిందన్నమాట. వారం రోజుల పని చెత్తబుట్టలోకి వెళ్ళింది.

"మరి నీ నోటుపుస్తకంలో ఏం రాశావమ్మా?" అని అడిగాను.

"ఏం జరిగిందో అదే రాశాను సార్. నీళ్ళ గొట్టంలో చార వచ్చింది అని" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్లు.

ఆ నోటుపుస్తకానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ప్రతి పుటకూ అంకె, తేదీ ఉండాలి. పెన్నుతోనే రాయాలి. పొరపాటున రాసినదానిమీద ఒక్క గీత కొట్టాలి, కింది అక్షరాలు కనబడుతూనే ఉండాలి. కాగితం చింపకూడదు. ఎందుకింత పట్టుదల? ఈరోజు పనికిరానిదిగా కనిపించిన అంకె రేపు పనికిరావచ్చు కనుక.

దీనికి మన తెలుగువాడి సాక్ష్యమే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. బతుకుతెరువు కోసం ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫేటును కొలిచే పద్ధతి రూపొందించారు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫేటు ఉన్నట్లు. 1925లో ప్రకటించిన ఆ పద్ధతి వారిద్దరి పేరుతో జీవరసాయన విద్యార్థులందరికీ తెలుసు. అదే పద్ధతిని కండరం మీద ప్రయోగిస్తే రంగు రావలసిన వేగంతో రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. "ఏదో తేడా వచ్చిందిలే" అని అనుకున్న అంకె వేసేసుకుని ఉంటే అక్కడితో కథ ముగిసేది. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకుని వెళ్ళారు. కండరంలో కొంత ఫాస్ఫేటు క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి ఉందనీ, అది నెమ్మదిగా విడిపోతోందనీ తేలింది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపడింది. మీరు ఒక్క ఉదుటున పరుగు తీసేటప్పుడు కండరాలకు చటుక్కున శక్తినిచ్చేది అదే.

మన ఊళ్ళోనే ఇంకో సాక్ష్యం. బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యం కోసం దోమల్ని కోసిన భవనం ఇప్పటికీ ఉంది. కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆయన ఉక్కలో కూడా పంకా వేయనివ్వలేదు. మలేరియా రోగిని కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఆ రోగికే ఇచ్చాడు! మొదలుపెట్టిన రెండేళ్ళదాకా ఆయన చూసినవి మలేరియాను మోయని జాతి దోమలు. "లేదు, లేదు" అని చూస్తూ పోయాడు కనుకనే, 1897 ఆగస్టు 20న మరో జాతి దోమ కడుపులో కనిపించిన కణాలు కొత్తవని ఆయనకు తెలిసింది.

ఇక నేను చెప్పదలచిన మాట. తొమ్మిదో తరగతిలో నాడి కొలిచే ప్రయోగం ఉంటే పిల్లల రికార్డులు తెరిచి చూడండి. నలభైమంది ఉంటే నలభైమందీ 72 అని రాస్తారు. పుస్తకంలో 72 అని ఉంది కదా! నలభై గుండెలు ఒక్క మాటమీద కొట్టుకుంటున్నాయన్నమాట. ఇంత ఐకమత్యం మన దేశంలో ఇంకెక్కడా చూడలేం. నిజానికి మీ వయసులో కొందరికి 78 రావచ్చు, కొందరికి 90 రావచ్చు. అప్పుడే మెట్లెక్కి వచ్చినవాడికి 110 దాటవచ్చు. ఆ 110 రాసినవాడు "ఎందుకు?" అని అడుగుతాడు. 72 రాసినవాడికి అడగడానికి ఏమీ మిగలదు.

"మార్కులు పోతే ఎవరిస్తారు సార్?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ మాట మీతోపాటు మా ఉపాధ్యాయులకూ చెబుతున్నాను. సరైన అంకెకు మార్కులు వేస్తే పిల్లలు అంకె తెస్తారు. వచ్చిన అంకె రాసి, అలా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు రాసినవారికి మార్కులు వేస్తే వాళ్ళు ప్రయోగం చేస్తారు. మొలకెత్తని చిక్కుడుగింజను కూడా బొమ్మ గీయనివ్వాలి. పక్కవాడి రికార్డు చూసి రాసే అలవాటు పదిహేనేళ్ళ వయసులో పట్టుకుంటే, ఇరవైఐదేళ్ళకు పరిశోధనశాలలో అడుగుపెట్టాక వదలడం కష్టం. అక్కడ దొంగ అంకె రాస్తే పోయేది మార్కులు కాదు. ఆ అంకెను నమ్మి మందు తయారుచేసేవారు, ఆ మందు మింగేవారు నష్టపోతారు.

సీసీఎంబీ వంటి సంస్థలు ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినానికో, సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినానికో బడిపిల్లల కోసం తలుపులు తెరుస్తుంటాయి. మీ సైన్సు మాస్టారితో కలిసి వెళ్ళండి. అక్కడి అక్కయ్యలను, అన్నయ్యలను "మీరేం కనిపెట్టారు?" అని అడిగితే వాళ్ళు కాస్త ఇబ్బంది పడతారు. "ఈ వారం మీకేం చెడిపోయింది?" అని అడిగి చూడండి. గంటసేపు ఆపకుండా చెబుతారు. ఇంటికి వచ్చాక మీ రికార్డు తెరిచి, మణికట్టు మీద వేలు పెట్టి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఎంత వస్తే అంతే రాయండి.