‘షుక్ర్’ అన్న జవాబును ఎలా లెక్కించాలి?

‘మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ ఆరోగ్య సర్వేలలో తరచుగా అడిగే ఈ ప్రశ్న చిన్నదే గాని, దాని జవాబుకు విలువ ఉంది. 1997లో ఇడ్లర్, బెన్యామిని అనే పరిశోధకులు 27 అధ్యయనాలను సమీక్షించారు. తమ ఆరోగ్యం బాగాలేదని చెప్పినవారిలో తర్వాతి కాలంలో మరణాలు అధికమని వాటిలో చాలావరకు వెల్లడించాయి. సాధారణంగా వయసు పెరిగేకొద్దీ ‘బాగుంది’ అనేవారు తగ్గుతారు. చాలా దేశాలలో పురుషుల కన్నా స్త్రీలే ‘బాగాలేదు’ అని ఎక్కువగా చెబుతారు.

అయితే అలా చెప్పుకొనే అవకాశం అందరికీ ఉంటుందా? బెంగాల్ కరవు మరుసటి ఏడు, 1944లో, కలకత్తా సమీపంలోని సింగూరులో జరిగిన సర్వేను అమర్త్యసేన్ తన రచనలలో ప్రస్తావించారు. భార్యను కోల్పోయిన పురుషులలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువులలో ఆ మాట అన్నవారు 2.5 శాతమే. ఆ వితంతువులు అంత ఆరోగ్యంగా ఉన్నారని ఎవరు నమ్ముతారు? తమ బాధను అడిగేవారు లేనప్పుడు, ఆ బాధను బాధగా గుర్తించడం కూడా మనిషి మానేస్తాడు.

మన ఇళ్లలో ఈ మౌనానికి మర్యాద కూడా తోడవుతుంది. ఎలా ఉన్నారని అడిగితే ‘అల్‌హందులిల్లాహ్’, ‘అల్లాహ్ కా షుక్ర్’ అనడం మన సంస్కారం. అది దైవానికి చెప్పుకొనే కృతజ్ఞత. దానిని ఆరోగ్యానికి ధ్రువపత్రంగా రాసుకుంటే లెక్క తప్పుతుంది. పిల్లల పెంపకంలో ఉన్న తల్లి తన నీరసాన్ని వాయిదా వేస్తుంది. కొడుకు పంచన ఉన్న ముసలితల్లి భారం కారాదని నొప్పిని దాచుకుంటుంది. రోజుకూలి పోతుందన్న భయంతో యువకుడూ ‘బాగున్నాను’ అంటాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రక్తం పరీక్షించినప్పుడు, దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇది నోటిమాటతో తేలే సంగతి కాదు.

కనుక మేము కోరేది ఇది. అడగడంతో పాటు కొలవాలి. 45 ఏళ్లు దాటినవారిపై 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వేలో ప్రశ్నలు వేయడంతో పాటు బీపీ కూడా చూశారు. ఆ పద్ధతి అన్ని వయసులవారికీ, మన బస్తీలకూ రావాలి. స్త్రీలను స్త్రీలే, ఏకాంతంగా, అవసరమైన చోట ఉర్దూలో అడగాలి. సామాజిక, మతవర్గాల వారీగా వివరాలుండే జాతీయ గణాంక నిధిని 2006లోనే సచార్ కమిటీ సిఫార్సు చేసింది. అందులో ఆరోగ్యం వివరాలు మతం, లింగం, వయసుల వారీగా వేర్వేరుగా కనిపించాలి.

ప్రభుత్వాన్ని అడిగే నోటితో మన ఇంటివారినీ అడుగుదాం. దేహం దైవం మనకు అప్పగించిన అమానత్ అని నమ్మేవాళ్లం. అమ్మ ‘షుక్ర్’ అన్నాక సంభాషణ అక్కడితో ముగించకుండా, ఆమెను పరీక్షకు తీసుకువెళ్లడం కూడా ఆ అమానత్‌ను కాపాడటమే.